తేదీ మాత్రమే పంపాల్సి వస్తే: సర్వర్‌కీ బ్రౌజర్‌కీ మధ్య ఏ రూపం ఎంచుకోవాలి?

ఒకామె పుట్టిన తేదీ 1990 మే 14. డేటాబేస్‌లో సరిగ్గానే ఉంది. న్యూయార్క్‌లో ఉండే ఆమె తన ప్రొఫైల్ పేజీ తెరిచి, ఫోన్ నంబర్ మార్చుకుని, సేవ్ నొక్కింది. డేటాబేస్‌లో తేదీ మే 13 అయింది. కొన్నాళ్లకు అడ్రస్ మార్చుకుంది. మే 12 అయింది. పుట్టిన తేదీ గడిని ఆమె ముట్టుకోనే లేదు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో జరిగిందిది. ఎర్రర్ ఏదీ రాలేదు, లాగ్‌లో ఏమీ పడలేదు. మా టెస్ట్ మెషీన్లన్నీ యూటీసీలో (ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే ప్రామాణిక సమయం) నడిచేవి కాబట్టి మా దగ్గర ఎన్నిసార్లు సేవ్ చేసినా మే 14 అలాగే ఉండేది. చివరికి చూస్తే సర్వర్ తప్పేమీ లేదు. "1990-05-14" అనే సాదా స్ట్రింగే (అక్షరాల వరుస) పంపింది. బ్రౌజర్‌లో దాన్ని జావాస్క్రిప్ట్ డేట్ ఆబ్జెక్ట్‌గా మార్చాం. అది యూటీసీ అర్ధరాత్రి అయింది. న్యూయార్క్ గడియారంలో ఆ సమయం మే 13 రాత్రి 8 గంటలు. ఫారం మే 13 చూపించింది, సేవ్ నొక్కగానే మే 13ని తిరిగి పంపింది.

కాబట్టి ఈ ఎంపికలో రెండు సగాలున్నాయి. మధ్యలో ప్రయాణించే రూపం ఏది అనేది ఒకటి, రెండు చివర్లలో దాన్ని ఏ టైప్‌లో పట్టుకుంటాం అనేది రెండోది. చాలామంది మొదటి సగం గురించే గంటలు వాదించుకుని రెండోదాన్ని వదిలేస్తారు. నేను రెండూ చెబుతాను.

## ముందు తేల్చుకోవాల్సింది: అది నిజంగా తేదీయేనా?

పుట్టిన రోజు, పెళ్లి రోజు, ఇన్‌వాయిస్ తేదీ, సెలవు రోజు, హోటల్ చెక్-ఇన్ రోజు: ఇవి క్యాలెండర్‌లో ఒక గడి. వీటికి గంట లేదు, నిమిషం లేదు, టైమ్‌జోన్ లేదు. టోక్యో నుంచి చూసినా లండన్ నుంచి చూసినా మే 14 అంటే మే 14.

మీటింగ్ మొదలయ్యే సమయం, పేమెంట్ జరిగిన సమయం, మెసేజ్ పంపిన సమయం: ఇవి కాలంలో ఒక బిందువు. చూసేవాళ్ల టైమ్‌జోన్‌ని బట్టి ఇవి వేర్వేరు తేదీల్లో కనిపించడమే సరైన ప్రవర్తన.

ఈ రెంటి మధ్య ఇరుక్కునేవి కొన్ని ఉంటాయి. "దరఖాస్తుకు చివరి తేదీ మార్చి 10" అంటే చూడ్డానికి తేదీలా ఉంటుంది. కానీ ఫారం మూసేసే క్షణం ఒకటి ఉంటుంది కదా, అది ఎక్కడి అర్ధరాత్రి? అలాంటివాటిని టైమ్‌జోన్‌తో సహా పూర్తి టైమ్‌స్టాంప్‌గా (తేదీ, సమయం కలిసిన విలువ) దాచాలి. తేదీగా దాచి తర్వాత ఊహించుకుంటే గొడవలు వస్తాయి. ఈ గైడ్ మొదటి రకం గురించే.

## దేన్ని బట్టి పోల్చాలి

అన్నిటికన్నా ముందు: పంపిన తేదీ, చేరిన తేదీ ఒకటే అయి ఉండాలి. ఎవరి టైమ్‌జోన్ ఏదైనా సరే. ఈ ఒక్కదాంట్లో ఫెయిలైన రూపం మిగతా అన్నిట్లో పాసైనా నేను ఎంచుకోను.

ఆ తర్వాత చూడాల్సినవి ఇవి. లాగ్‌లో కనబడితే మనిషి చదివి గుర్తుపట్టగలగాలి, ఎందుకంటే తేదీ బగ్‌లు చాలాసార్లు లాగ్ చూసే దొరుకుతాయి. సార్ట్ చేయడం, రెండు తేదీల్లో ఏది ముందో చెప్పడం తేలిక కావాలి. రెండు వైపుల లాంగ్వేజీలకూ ఆ రూపం తెలిసి ఉండాలి. ఫిబ్రవరి 30 లాంటి చెత్త వస్తే గట్టిగా ఎర్రర్ ఇవ్వాలి, నిశ్శబ్దంగా సర్దుకోకూడదు. జావాస్క్రిప్ట్‌లో 2024, ఫిబ్రవరి, 30 అని మూడు అంకెలతో డేట్ ఆబ్జెక్ట్ కడితే ఏమీ అనకుండా మార్చి 1 ఇస్తుంది. సంవత్సరం తెలియని పుట్టినరోజులు, నెల మాత్రమే తెలిసిన తేదీలు మీ డేటాలో ఉంటే అది ఇంకో ప్రమాణం. చాలామందికి దాంతో పనిలేదు, పనిపడినవాళ్లకు మాత్రం అదే ముఖ్యం.

పరిమాణం, వేగం లెక్కలోకి తీసుకోవద్దు. పది అక్షరాల స్ట్రింగ్‌కి, ఒక అంకెకి మధ్య తేడా ఏ మామూలు అప్లికేషన్‌లోనూ కనిపించదు.

## తూర్పున కూర్చుంటే ఒక బగ్, పడమర కూర్చుంటే ఇంకొకటి

ఎంపికల్లోకి వెళ్లే ముందు జావాస్క్రిప్ట్ డేట్ గురించి ఒక్క విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. పేరు డేట్ అయినా దాంట్లో తేదీ లేదు. 1970 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క ఒక్కటే ఉంది. సంవత్సరం, నెల, రోజు అడిగినప్పుడల్లా ఆ అంకెను బ్రౌజర్ ఉన్న టైమ్‌జోన్‌లోకి మార్చి చెబుతుంది.

దీనికి తోడు చదివే నియమం ఒకటి. "2024-03-10" అని తేదీ ఒక్కటే ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అదే తేదీకి 00:00:00 అనే సమయం జోడించి, ఆఫ్‌సెట్ (యూటీసీతో ఎన్ని గంటల తేడా అనేది) ఏదీ ఇవ్వకపోతే లోకల్ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. సమయం రాయడం వల్ల టైమ్‌జోన్ మారిపోతుందని ఎవరూ ఊహించరు. కానీ స్పెసిఫికేషన్‌లో ఉన్నది అదే.

ఇప్పుడు రెండు దిశలూ చూడండి.

సర్వర్ "2024-03-10" పంపింది, బ్రౌజర్ డేట్‌గా మార్చి చూపిస్తోంది. టోక్యోలో అది మార్చి 10 ఉదయం 9 గంటలు, కాబట్టి 10వ తేదీయే కనిపిస్తుంది. న్యూయార్క్‌లో అది 9వ తేదీ రాత్రి. తప్పు.

ఇప్పుడు ఉల్టా. వాడినవాళ్లు డేట్ పికర్‌లో మార్చి 10 ఎంచుకున్నారు. చాలా పికర్‌లు లోకల్ అర్ధరాత్రితో డేట్ ఆబ్జెక్ట్ ఇస్తాయి. దాన్ని జేసన్‌గా (డేటా పంపడానికి వాడే టెక్స్ట్ రూపం) మార్చగానే అది యూటీసీలోకి వెళ్తుంది. న్యూయార్క్ నుంచి మార్చి 10, 05:00 యూటీసీ అని వెళ్తుంది. సర్వర్ మొదటి పది అక్షరాలు కత్తిరించుకుంటే 10వ తేదీ, సరైనదే. టోక్యో నుంచి మాత్రం మార్చి 9, 15:00 యూటీసీ అని వెళ్తుంది. సర్వర్ కత్తిరించుకునేది 9వ తేదీ.

అంటే యూటీసీకి తూర్పున ఉన్న డెవలపర్‌కు చూపించడంలో బగ్ ఎప్పటికీ కనబడదు, పంపడంలో కనబడుతుంది. పడమర ఉన్న డెవలపర్‌కు సరిగ్గా తలకిందులు. ఇద్దరూ "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరి ప్యాచ్ ఇంకొకరి దగ్గర పగులుతుంది. టీమ్ రెండు చోట్ల ఉంటే ఈ టెన్షన్ నెలలు సాగుతుంది.

## ఎంపికలు ఒక్కొక్కటిగా

### సాదా తేదీ స్ట్రింగ్: "2024-03-10"

నా సిఫార్సు ఇదే, దాచడం ఎందుకు. సంవత్సరం నాలుగంకెలు, నెల రెండు, రోజు రెండు, మధ్యలో అడ్డగీతలు. తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601లో ఉన్న రూపం. 2002లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 3339 దీన్నే "ఫుల్ డేట్" అంటుంది. ఏపీఐలను (ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గాలు) వర్ణించే ఓపెన్ ఏపీఐలో ఒక ఫీల్డ్‌కు ఫార్మాట్ "డేట్" అని రాస్తే అర్థం ఇదే. బ్రౌజర్‌లోని తేదీ ఇన్‌పుట్ గడి స్క్రీన్ మీద ఏ దేశపు పద్ధతిలో చూపించినా, దాని విలువ అడిగితే ఇచ్చేది ఈ రూపమే. అంటే ఫారం నుంచి సర్వర్ దాకా ఎక్కడా మార్చకుండా తీసుకెళ్లొచ్చు.

దీంట్లో సమయం లేదు, ఆఫ్‌సెట్ లేదు. లేనిదాన్ని ఎవరూ తప్పుగా మార్చలేరు. అక్షర క్రమంలో సార్ట్ చేస్తే కాలక్రమం అదే వచ్చేస్తుంది. రెండు స్ట్రింగ్‌లను నేరుగా పోల్చి ఏది ముందో చెప్పొచ్చు.

ఇబ్బంది ఒక్కటే: ఇది చూడగానే జావాస్క్రిప్ట్ డేట్‌లో పడేయాలని చెయ్యి లాగుతుంది. మా ప్రాజెక్టులో జరిగింది అదే. రూపం మంచిదైనా అందుకునేవాళ్ల అలవాటు దాన్ని పాడుచేయగలదు. ఏపీఐ డాక్యుమెంటేషన్‌లో ఫీల్డ్ పక్కన "ఇది క్యాలెండర్ తేదీ, టైమ్‌జోన్ మార్పిడి చేయకూడదు" అని ఒక వాక్యం రాయండి. ఫీల్డ్ పేరు కూడా సాయం చేస్తుంది: పేరు చివర "డేట్" ఉంటే తేదీ, "ఎట్" ఉంటే టైమ్‌స్టాంప్ అని టీమ్ అంతా ఒకే నియమం పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

### యూటీసీ అర్ధరాత్రి టైమ్‌స్టాంప్

తేదీ తర్వాత 00:00:00 పెట్టి, చివర యూటీసీని సూచించే జెడ్ అక్షరం తగిలిస్తారు. పాత ఏపీఐల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే చాలా కాలం సర్వర్ లాంగ్వేజీల్లోనూ తేదీకి విడిగా టైప్ ఉండేది కాదు. జావాలో లోకల్‌డేట్ 2014లో జావా 8తో వచ్చింది. డాట్‌నెట్‌లో డేట్‌ఓన్లీ 2021లో డాట్‌నెట్ 6తో గానీ రాలేదు. అంతకు ముందు రాసిన కోడ్ అంతా తేదీని టైమ్‌స్టాంప్‌లో కుక్కిందే.

ఇది పనిచేయాలంటే రెండు వైపులా ఎప్పుడూ యూటీసీలోనే చదవాలి, యూటీసీలోనే రాయాలి. ఎవరైనా ఒక్కసారి లోకల్ మెథడ్ పిలిస్తే చాలు, పడమటి వాళ్లందరికీ ఒక రోజు తగ్గుతుంది. చూడగానే అది తేదీయో క్షణమో చెప్పలేకపోవడం దీని అసలు లోపం. లాగ్‌లో ఎవరైనా దీన్ని చూస్తే "సరిగ్గా అర్ధరాత్రికి ఏదో జరిగింది" అనుకుంటారు.

చివరి జెడ్ లేకుండా పంపే రకం కూడా ఉంది. అది బ్రౌజర్‌లో లోకల్ అర్ధరాత్రిగా చదవబడుతుంది కాబట్టి చూపించడం సరిగ్గానే ఉంటుంది. తిరిగి పంపేటప్పుడు జేసన్ యూటీసీకి మార్చేస్తుంది, తూర్పు వాళ్ల తేదీ జారుతుంది. సగం మాత్రమే పనిచేసేది పూర్తిగా పనిచేయనిదానికన్నా ప్రమాదం, ఎందుకంటే డెమోలో బయటపడదు.

### లోకల్ అర్ధరాత్రి, ఆఫ్‌సెట్‌తో సహా

మార్చి 10, 00:00, ప్లస్ 09:00 అని పంపడం. ఆఫ్‌సెట్ ఉంది కాబట్టి స్ట్రింగ్‌లో కనిపించే తేదీ సరైనదే. అయితే చాలా లైబ్రరీలు దీన్ని అందుకోగానే యూటీసీలోకి మార్చి ఆఫ్‌సెట్‌ను పారేస్తాయి. ఆ తర్వాత అసలు తేదీ ఏదో తెలియదు.

ఇంకో చిక్కు: లోకల్ అర్ధరాత్రి కొన్ని రోజుల్లో అసలు ఉండదు. సావో పాలోలో 2018 నవంబర్ 4న డేలైట్ సేవింగ్ (వేసవికి గడియారాన్ని గంట ముందుకు జరపడం) మొదలై గడియారం 00:00 నుంచి నేరుగా 01:00కి దూకింది. సమోవాలో అయితే 2011 డిసెంబర్ 30 అనే రోజే లేదు. అంతర్జాతీయ దినరేఖకు అటు నుంచి ఇటు మారుతూ 29 తర్వాత 31కి వెళ్లారు. తేదీని స్ట్రింగ్‌గా ఉంచితే ఇవేవీ మీ సమస్యలు కావు.

### మధ్యాహ్నం 12 పెట్టే చిట్కా

అర్ధరాత్రి అంచున ఉంటుంది కాబట్టి జారిపోతోంది, మధ్యాహ్నం 12 యూటీసీ పెడితే అటూ ఇటూ పన్నెండేసి గంటలు జాగా ఉంటుంది అనేది ఆలోచన. అమెరికాలో, యూరప్‌లో, ఆసియాలో చాలా చోట్ల పనిచేస్తుంది. న్యూజిలాండ్‌లో పనిచేయదు. అక్కడ టైమ్‌జోన్ ప్లస్ 12, వేసవిలో ప్లస్ 13. మధ్యాహ్నం 12 యూటీసీ అంటే వాళ్లకు మరుసటి రోజు అర్ధరాత్రి లేదా ఒంటిగంట. ఫిజీ, టోంగా, కిరిబాటీలోని ప్లస్ 14 దీవులకూ అంతే. యూటీసీకి తూర్పున 14 గంటల దాకా, పడమర 12 గంటల దాకా ఆఫ్‌సెట్‌లు ఉన్నాయి. మొత్తం 26 గంటల వెడల్పు. 24 గంటల రోజులో అన్నిటికీ సరిపోయే ఒక్క గంట లేదు.

మార్చడానికి వీల్లేని పాత సిస్టమ్‌లో నష్టం తగ్గించుకోవడానికి సరే. కొత్తగా రాసేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు.

### అంకెలు

మూడు రకాలు. మిల్లీసెకన్ల లెక్క అయితే యూటీసీ అర్ధరాత్రికి ఉన్న లోపాలన్నీ దీనికీ ఉంటాయి, పైగా చదవడానికి రాదు.

1970 జనవరి 1 నుంచి ఎన్నో రోజు అనే లెక్క కొంచెం నయం. 2024 మార్చి 10 అంటే 19792. టైమ్‌జోన్ దీన్ని ముట్టుకోలేదు, రోజుల తేడా ఒక్క తీసివేతతో వస్తుంది. చార్ట్‌లు గీసేవాళ్లకు, లక్షల వరుసల డేటా పంపేవాళ్లకు నచ్చుతుంది. లాగ్‌లో 19792 చూసి ఏ తేదీయో చెప్పేవాళ్లు మాత్రం ఉండరు.

మూడోది 20240310 అని రాసే పద్ధతి. చదవొచ్చు, సార్ట్ అవుతుంది. ఇబ్బంది ఏమిటంటే అంకెలా కనిపిస్తుంది కాబట్టి ఎవరో ఒకరు తీసివేస్తారు. 20240301 నుంచి 20240229 తీసేస్తే 72 వస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్నది ఒక్క రోజు.

### సంవత్సరం, నెల, రోజు విడివిడి ఫీల్డులుగా

మామూలు తేదీలకు ఇది అనవసరపు బరువు. నెలలు సున్నా నుంచి లెక్కపెట్టే జావాస్క్రిప్ట్ అలవాటు ఇందులోకి దూరే ప్రమాదం కూడా ఉంది. మార్చి అంటే 3 అని ఒకరు, 2 అని ఇంకొకరు.

కానీ అసంపూర్ణ తేదీలకు ఇది చాలా బాగా పనికొస్తుంది. గూగుల్ డేటా పంపడానికి వాడే ప్రోటోబఫ్ రూపంలోని ఉమ్మడి టైపుల్లో డేట్ ఇలాగే ఉంటుంది. సంవత్సరం సున్నా అయితే "ఏటా వచ్చే రోజు" అని, రోజు సున్నా అయితే "నెల మాత్రమే తెలుసు" అని అర్థం. కార్డు గడువు, సంవత్సరం చెప్పని పుట్టినరోజు లాంటివి ఇందులో ఇముడుతాయి. ఆరోగ్య రంగంలో వాడే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణం ఇదే అవసరాన్ని స్ట్రింగ్‌తో తీర్చుకుంది: "2024", "2024-03", "2024-03-10" మూడూ చెల్లుతాయి. తెలిసినంత వరకే రాయడం నాకు ఇంకా నచ్చిన పద్ధతి. తెలియని రోజుకు 01 అని నింపేసి దాచడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. తర్వాత ఏది నిజమైన జనవరి 1, ఏది నింపిన జనవరి 1 అనేది ఎవరూ చెప్పలేరు.

"03/04/2024" లాంటి రూపం గురించి ఒక్క వాక్యం చాలు: అది మార్చి 4 అని కొందరు, ఏప్రిల్ 3 అని కొందరు చదువుతారు కాబట్టి స్క్రీన్ మీద తప్ప ఎక్కడా ఉండకూడదు.

| రూపం | టైమ్‌జోన్ మారితే | లాగ్‌లో చదవడం | పోల్చడం | ఎవరికి |
|---|---|---|---|---|
| "2024-03-10" | మారదు | తేలిక | నేరుగా | దాదాపు అందరికీ |
| యూటీసీ అర్ధరాత్రి | పడమర జారుతుంది | అపార్థానికి తావు | నేరుగా | పాత ఏపీఐ మార్చలేనివాళ్లకు |
| ఆఫ్‌సెట్‌తో అర్ధరాత్రి | లైబ్రరీని బట్టి | పర్వాలేదు | మార్చాకే | ఎవరికీ వద్దు |
| మధ్యాహ్నం 12 యూటీసీ | ప్లస్ 12 నుంచి జారుతుంది | అపార్థానికి తావు | నేరుగా | తాత్కాలిక మరమ్మతుకు |
| రోజుల లెక్క 19792 | మారదు | రాదు | నేరుగా | చార్ట్‌లు, భారీ డేటా |
| 20240310 | మారదు | తేలిక | నేరుగా, తీసివేత తప్పు | పాత సిస్టమ్‌లు అడిగితే |
| విడి ఫీల్డులు | మారదు | తేలిక | కొంచెం కోడ్ కావాలి | అసంపూర్ణ తేదీలకు |

## బ్రౌజర్ లోపల ఎలా పట్టుకోవాలి

స్ట్రింగ్ ఎంచుకున్నాక రెండో సగం ఇది. చూపించడం, ఎంచుకోనివ్వడం, పంపడం మాత్రమే మీ పని అయితే స్ట్రింగ్‌ను స్ట్రింగ్‌గానే ఉంచండి. తేదీ ఇన్‌పుట్ గడికి అదే ఇవ్వొచ్చు, దాని నుంచి అదే తీసుకోవచ్చు. డేట్ ఆబ్జెక్ట్ అవసరమే రాదు.

"10 మార్చి, ఆదివారం" అని అందంగా చూపించాలంటే డేట్ ఆబ్జెక్ట్ కావాల్సి వస్తుంది. అప్పుడు తేదీ స్ట్రింగ్‌ను యూటీసీ అర్ధరాత్రిగా చదవనిచ్చి, చూపించే ఫార్మాటర్‌కు టైమ్‌జోన్ యూటీసీ అని స్పష్టంగా చెప్పండి. రెండు చోట్లా యూటీసీయే కాబట్టి తేదీ కదలదు. ఆ ఆబ్జెక్ట్‌ను ఆ ఒక్క ఫంక్షన్ దాటి బయటకు వెళ్లనివ్వొద్దు.

రోజులు కూడాలి, తేడా కట్టాలి అంటే జావాస్క్రిప్ట్‌లో తేదీలకూ సమయాలకూ కొత్తగా వచ్చిన టెంపొరల్‌లోని ప్లెయిన్‌డేట్ చూడండి. జావాస్క్రిప్ట్‌కు తేదీ కోసమే పుట్టిన టైప్ ఇదే. సమయమూ టైమ్‌జోనూ ఇందులో లేవు, నెలలు 1 నుంచే మొదలవుతాయి, జేసన్‌గా మారిస్తే "2024-03-10" అనే వస్తుంది. ఫైర్‌ఫాక్స్ 2025లో 139వ వెర్షన్‌తో దీన్ని తెచ్చింది. మీ వినియోగదారుల్లో పాత బ్రౌజర్‌లు ఉంటే పాలీఫిల్ (వాటిలో లేని సదుపాయాన్ని అందించే కోడ్) వేసుకోవాలి, దాని సైజు మీకు భారం అవుతుందా అనేది మీరే చూసుకోవాలి. భారమైతే యూటీసీ మెథడ్లు మాత్రమే వాడే నాలుగు చిన్న ఫంక్షన్లు రాసుకుని అవే వాడండి. లోకల్ మిల్లీసెకన్లను 24 గంటలతో భాగించి రోజులు లెక్కపెట్టడం మాత్రం వద్దు. డేలైట్ సేవింగ్ ఉన్నచోట ఏడాదికి ఒక రోజు 23 గంటలు, ఒక రోజు 25 గంటలు ఉంటుంది.

డేట్ పికర్ లైబ్రరీ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది రంగులూ థీమ్‌లూ కాదు. అది స్ట్రింగ్ ఇస్తుందా, డేట్ ఆబ్జెక్ట్ ఇస్తుందా అని చూస్తాను. ఆబ్జెక్టే ఇచ్చేదైతే దాని లోకల్ సంవత్సరం, నెల, రోజు తీసుకుని అక్కడికక్కడే స్ట్రింగ్ కట్టేయాలి. టుఐఎస్ఓస్ట్రింగ్ మెథడ్ పిలిచి ముందు పది అక్షరాలు కోసుకోవడమే టోక్యో బగ్‌కు మూలం.

## సర్వర్ వైపు

జావాలో లోకల్‌డేట్, డాట్‌నెట్‌లో డేట్‌ఓన్లీ, పైథాన్‌లో డేట్, పోస్ట్‌గ్రెస్‌లో డేట్ కాలమ్. ఈ టైపులు వాడితే చాలావరకు మీ పని అయిపోయినట్టే. అయినా కొన్ని గుంతలు తెలుసుకోవాలి.

జావాలో జేసన్ రాసే జాక్సన్ 2 లైబ్రరీకి జావా టైమ్ మాడ్యూల్ చేర్చి, మిగతాది డీఫాల్ట్‌తో వదిలేస్తే లోకల్‌డేట్ సంవత్సరం, నెల, రోజు అనే మూడు అంకెలున్న అర్రేగా వెళ్తుంది. టైమ్‌స్టాంప్‌లుగా రాసే సెట్టింగ్‌ను ఆపేయాలి. స్ప్రింగ్ బూట్ దాన్ని తనే ఆపుతుంది కాబట్టి అక్కడ చాలామందికి ఈ గుంత కనబడదు. డాట్‌నెట్‌లో సిస్టమ్ టెక్స్ట్ జేసన్ డేట్‌ఓన్లీని అర్థం చేసుకున్నది డాట్‌నెట్ 7 నుంచి. పైథాన్‌లో జేసన్ మాడ్యూల్‌కు డేట్ ఇస్తే ఎర్రర్ ఇస్తుంది, అది మంచిదే, ఐసోఫార్మాట్ పిలిచి స్ట్రింగ్ చేయండి. కాకపోతే పైథాన్‌లో డేట్‌టైమ్ కూడా ఒక రకం డేటే, దాని సబ్‌క్లాస్. తేదీ అనుకుని సమయం కూడా పంపేసే అవకాశం అక్కడుంది.

నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే సాధనం) వాడేవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. పోస్ట్‌గ్రెస్‌కు వాడే నోడ్ డ్రైవర్ డీఫాల్ట్‌గా డేట్ కాలమ్‌ను కూడా లోకల్ అర్ధరాత్రితో జావాస్క్రిప్ట్ డేట్‌గా మారుస్తుంది. సర్వర్ యూటీసీలో ఉంటే ఏమీ తెలియదు. అదే కోడ్‌ను యూటీసీకి తూర్పున ఉన్న ల్యాప్‌టాప్‌లో నడిపితే జేసన్‌లో ముందు రోజు వస్తుంది. ఆ టైప్‌కు పార్సర్‌ను (విలువను చదివి మార్చే కోడ్) మార్చి స్ట్రింగ్‌గా తెప్పించుకోండి. మైఎస్‌క్యూఎల్ డ్రైవర్లలో తేదీలను స్ట్రింగ్‌గా ఇమ్మనే ఆప్షన్ ఉంది. మాంగోడీబీలో తేదీకి విడి టైప్ లేదు, ఉన్నది మిల్లీసెకన్ల టైపే, కాబట్టి అక్కడ స్ట్రింగ్‌గా దాచడమే మేలు.

"ఈరోజు" అనే మాట దగ్గర కూడా ఆగి ఆలోచించాలి. ప్రతి రోజూ యూటీసీ 10 గంటల నుంచి 11 దాకా భూమి మీద మూడు తేదీలు ఒకేసారి నడుస్తాయి. ఉదాహరణకు అమెరికన్ సమోవాలో 9వ తేదీ ఇంకా ముగియదు, లండన్‌లో 10వ తేదీ, కిరిబాటీ లైన్ దీవుల్లో 11వ తేదీ మొదలైపోతుంది. "భవిష్యత్తు తేదీ చెల్లదు" అనే చెక్‌ను సర్వర్ తన యూటీసీ తేదీతో చేస్తే, ఆక్లండ్‌లో ఉదయం కూర్చుని ఈరోజు తేదీ వేసినవాళ్లను అన్యాయంగా తిప్పిపంపుతుంది. ఈరోజు ఎవరిది అనేది వాడేవాళ్ల టైమ్‌జోన్ పేరుతోనే తేలుతుంది.

## ఎవరి పరిస్థితికి ఏది

కొత్త ఏపీఐ రాస్తున్నవాళ్లు: సాదా స్ట్రింగ్. రెండో ఆలోచన వద్దు. స్కీమాలో (ఫీల్డులను వర్ణించే పత్రం) ఫార్మాట్ రాయండి, సమయం అంటుకుని వచ్చిన విలువను సర్దుకోకుండా తిప్పికొట్టండి. మొదటి రోజే తిప్పికొడితే క్లయింట్ డెవలపర్ అప్పుడే దిద్దుకుంటారు.

తేదీల మధ్య రిపోర్టు తీసేవాళ్లు: వినియోగదారు ఎంచుకున్న మొదటి తేదీ, చివరి తేదీ రెండు స్ట్రింగ్‌లుగా పంపండి, వాటితో పాటు టైమ్‌జోన్ పేరు కూడా. ఆఫ్‌సెట్ సరిపోదు, ఎందుకంటే రిపోర్టు మధ్యలో డేలైట్ సేవింగ్ మారొచ్చు. మొదటి రోజు మొదలు నుంచి, చివరి రోజుకు మరుసటి రోజు మొదలయ్యే క్షణం లోపు అని సర్వర్ లెక్కకట్టాలి. 23:59:59 అని రాస్తే ఆ చివరి సెకనులో జరిగినవి కొన్ని తప్పిపోతాయి.

రోజంతా ఉండే ఈవెంట్లు దాచేవాళ్లు: చివరి తేదీ లోపలా బయటా అనేది ముందే తేల్చుకోండి. క్యాలెండర్లు ఈవెంట్లు ఇచ్చిపుచ్చుకునే ఐక్యాలెండర్ ప్రమాణంలో ముగింపు తేదీ బయటది: 10, 11 రెండు రోజుల ఈవెంట్‌కు ముగింపు 12 అని రాస్తారు. వేరే క్యాలెండర్‌తో కలపాల్సి వస్తే మీరూ అలాగే ఉంచుకుని, స్క్రీన్ మీద మాత్రం 11 చూపించండి.

ఇప్పటికే టైమ్‌స్టాంప్‌లు పంపుతున్న ఏపీఐ ఉన్నవాళ్లు: పాత ఫీల్డ్‌ను ముట్టుకోకుండా పక్కన స్ట్రింగ్ ఫీల్డ్ ఒకటి కొత్తగా ఇవ్వండి. క్లయింట్లు ఒక్కొక్కరే మారాక పాతది తీసేయండి.

వీళ్లకు ఎక్కువ పని పాత డేటా దగ్గరే. డేటాబేస్‌లో 00:00 కాని గంటలు కనిపిస్తే అవి ఎవరివో లోకల్ అర్ధరాత్రులు. 05:00 అయితే న్యూయార్క్ లాంటి చోటు, తేదీ అదే. 15:00 అయితే టోక్యో లాంటి చోటు, అసలు తేదీ మరుసటి రోజు. ప్రతి విలువకూ 12 గంటలు కలిపి యూటీసీ తేదీ తీసుకుంటే ఈ రెండూ సరైపోతాయి. కానీ న్యూజిలాండ్ వేసవి అర్ధరాత్రి ముందు రోజు 11:00 యూటీసీ, 12 కలిపితే 23:00 అవుతుంది, తేదీ తప్పుతుంది. 14 గంటలు కలిపితే న్యూజిలాండ్ సరవుతుంది, హవాయి చెడిపోతుంది. మీ వినియోగదారులు ఎక్కడున్నారో చూసి అంకె ఎంచుకోండి. రెండు చోట్లా ఉంటే టైమ్‌జోన్ తెలిసిన ఖాతాలను విడిగా దిద్దాలి. మార్చే ముందు అసలు విలువను వేరే కాలమ్‌లో ఉంచండి. మేము ఉంచుకోబట్టే మొదటిసారి తప్పు చేసినా వెనక్కి రాగలిగాం.

## మార్చాక ఎలా పరీక్షించాలి

ఒక తేదీని తెరిచి, ఏమీ మార్చకుండా సేవ్ చేసి, మళ్లీ తెరవండి. మూడుసార్లు. ఇదే పనిని యూటీసీలో, లాస్ ఏంజెలిస్‌లో, టోక్యోలో, ఆక్లండ్‌లో చేయండి. నోడ్‌కు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో టైమ్‌జోన్ మార్చొచ్చు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లోని సెన్సార్స్ ప్యానెల్‌లో ఊరు మార్చొచ్చు. బ్రౌజర్‌ను తనే నడిపి పరీక్షించే ప్లేరైట్ టెస్టుల్లో టైమ్‌జోన్ ఒక సెట్టింగే. పరీక్షించే తేదీల్లో 2018-11-04ను సావో పాలోతో, ఒక ఫిబ్రవరి 29ను, ఒక డిసెంబర్ 31ను తప్పక పెట్టండి. ఫిబ్రవరి 30 పంపి సర్వర్ ఒప్పుకోవడం లేదని కూడా చూడండి.

మా ప్రాజెక్టులో ఈ టెస్టులన్నిటికీ ముందు వరుసలో ఉండేది ఆ మొదటి కేసే: న్యూయార్క్, 1990-05-14, ఫోన్ నంబర్ మార్చి మూడుసార్లు సేవ్.